మొదటి హిమాలయ ట్రెక్: కేదార్‌కంఠకా, పూలలోయకా, హంప్టా పాస్‌కా?

"అక్కా, డిసెంబర్ చివర్లో ఆరు రోజులు సెలవు దొరుకుతోంది. కేదార్‌కంఠకి వెళ్లిపోనా, లేక ఆగస్టు దాకా ఆగి పూలలోయకి వెళ్లనా? ఆఫీసులో వాళ్లేమో జూన్‌లో హంప్టా పాస్ అంటున్నారు." మా పిన్ని కూతురు పోయిన నెల ఫోన్ చేసి ఇలా అడిగింది. ఎక్కడ మంచు ఉంటుంది, ఎక్కడ ఫోటోలు బాగా వస్తాయి, ఎంత ఖర్చవుతుంది, అన్నీ చూసి పెట్టుకుంది. నేను ఒక్కటే అడిగాను: "రెండో రాత్రి పడుకున్నచోట నీకు ఒంట్లో బాగోలేదనుకో, అక్కణ్ణుంచి జీపు దొరికే రోడ్డుకి ఎన్ని గంటలు నడవాలి?" ఆ లెక్క తన దగ్గర లేదు. చాలామంది దగ్గర ఉండదు. కొండను ఎంచుకునేటప్పుడు ఎక్కే ఎత్తు ఒక్కటే చూస్తాం. నేను మాత్రం దిగే దారి చూసి ఎంచుకోమంటాను. ఈ మూడు ట్రెక్కులనూ అలాగే పోలుస్తాను.

దిగడం మనకు అలవాటు లేని పని. తిరుమలకు అలిపిరి మెట్లు 3,550 నడిచి ఎక్కుతాం, దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. సింహాచలమైనా అంతే. పిక్కలు పట్టేసినా, మోకాలు నొప్పి పెట్టినా కింది దాకా తీసుకెళ్లేందుకు బస్సు ఉంటుంది. హిమాలయంలో ఎక్కినంతా నడిచే దిగాలి, అదీ అలిసిపోయాక.

నా మొదటి ట్రెక్ కేదార్‌కంఠే. రెండో రాత్రి బేస్ క్యాంపులో, దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో, పప్పు అన్నం రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టాను. మధ్యాహ్నం నుంచి కణతల దగ్గర పోటు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తెల్లవారుజామున శిఖరానికి తీసుకెళ్లరని భయం. మా గైడ్ ఎవరి మొహాలూ చూడలేదు, పళ్లేలు చూశాడు. టార్చి వెలుగు ఒక్కొక్క పళ్లెం మీద వేసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. "దీదీ, తలనొప్పి ఎప్పటినుంచి?" అన్నాడు. తలనొప్పి ఉందా అని అడగలేదు. టెంటు బయట మంచు మీద కర్రతో ఒక గీత గీసి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ ఆ గీత మీద పది అడుగులు నడవమన్నాడు. నడిచాను, తూలలేదు. లీటరు నీళ్లు తాగించి, ఒక పారాసిటమాల్ ఇచ్చి, రెండు గంటల తర్వాత మళ్లీ వచ్చి అడిగాడు. నొప్పి తగ్గలేదు. మూడింటికి అందరూ పైకి బయలుదేరారు. వెలుతురు రాగానే నన్ను తన అసిస్టెంటుతో కిందికి, జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరి క్యాంపుకు పంపించాడు. ఆరువందల మీటర్లు దిగేసరికి తలనొప్పి పోయింది. ఆ చెరువు గట్టున పరాఠా అడిగి మరీ తిన్నాను.

ఆ రోజు నేను బాధపడ్డాను. కొండల గురించి చదువుకున్నకొద్దీ ఆ మనిషి మీద గౌరవం పెరుగుతూనే ఉంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి రావచ్చు, ఏనాడూ వ్యాయామం చెయ్యని వాడికి రాకపోవచ్చు. కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. ఆ గాలికి ఒళ్లు అలవాటు పడడానికి రోజులు కావాలి. అలవాటు పడకముందే ఇంకా పైకి పోతే తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. వాటిని దాచుకుని ఎక్కితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. ఈ రెండింటిలో ఏది వచ్చినా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆక్సిజన్ సిలిండరూ మందులూ కాసేపు ఆదుకుంటాయి. అసలు వైద్యం కిందికి దిగడమే.

ఇక మూడు కొండలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ ఊరు దాదాపు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. సాంక్రీ 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఒక రాత్రి పడుకోవడం వల్ల ఒంటికి మేలు. తర్వాత జూడా కా తాలాబ్, ఆపైన బేస్ క్యాంపు, మూడో రోజు శిఖరం. ఎక్కిన వైపే దిగి సాంక్రీకే వస్తాం. నా కొలమానంలో దీనికి పెద్ద మార్కు ఇక్కడే. ఏ క్యాంపు నుంచైనా అదే రోజు ఊళ్లోకి దిగొచ్చు. దారి దాదాపు అంతా చెట్ల మధ్యే, గాలి కొట్టదు. శిఖరం రోజు ఆఖరి మూడు నాలుగువందల మీటర్లు మాత్రం బోడి కొండ.

ఇక్కడ ప్రమాదం చలి, జారుడు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో బేస్ క్యాంపులో ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పోతుంది. వందలమంది తొక్కిన మంచు రాత్రికి గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది. ఎక్కేటప్పుడు కాళ్లు నిలుస్తాయి, దిగేటప్పుడు నిలవవు. బూటు కింద తొడిగే మైక్రోస్పైక్స్ లేకుండా దిగకూడదు. సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి, కాని తీసుకునేటప్పుడే మీ బూటుకు సరిపోతాయో లేదో తొడిగి చూసుకోవడం మేలు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా శిఖరం దారి తిరునాళ్లలా ఉంటుంది. ఇరుకు చోట గంటసేపు కదలకుండా నిలబడితే చెమట పట్టిన ఒళ్లు చల్లబడి వణుకు మొదలవుతుంది. మా పిన్ని కూతురికి ఆ వారం వద్దన్నాను. అదే కొండ ఫిబ్రవరి రెండో వారంలో ఖాళీగా ఉంటుంది, మంచు కూడా బాగా ఉంటుంది.

పూలలోయ వేరే లెక్క. చమోలీ జిల్లాలో గోవింద్‌ఘాట్ దాటి పుల్నా దాకా జీపు పోతుంది. అక్కణ్ణుంచి సుమారు పది కిలోమీటర్లు నడిస్తే ఘాంఘరియా, దాదాపు 3,050 మీటర్లు. అక్కడ టెంటులో పడుకోనక్కర్లేదు, గదులున్నాయి, గురుద్వారా ఉంది, వేడి నీళ్లు దొరుకుతాయి. నడవలేకపోతే గుర్రాలు, వాతావరణం బాగుంటే హెలికాప్టర్ కూడా. లోయ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు తెరిచి ఉంటుంది, లోపల రాత్రి ఉండనివ్వరు. పొద్దున వెళ్లి సాయంత్రానికి గదికి వచ్చేస్తాం. యాభై దాటిన అమ్మానాన్నలతో వెళ్లాలంటే నేను నిస్సంకోచంగా ఇదే చెబుతాను. అమ్మతో నేను వెళ్లింది కూడా ఇక్కడికే.

అయితే రెండు మెలికలున్నాయి. ఒకటి సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్. పూలలోయకు వెళ్లినవాళ్లు మర్నాడు దీనికీ వెళ్తారు. అది 4,329 మీటర్లు. ఒక్క పూటలో దాదాపు 1,300 మీటర్లు ఎక్కి దిగాలి. పైన రాత్రి ఉండరు కాబట్టి చాలామందికి గండం గడిచిపోతుంది, కాని వాంతులు చేసుకుంటూ దిగినవాళ్లను నేనే చూశాను. ముందు లోయ, తర్వాత హేమకుండ్ అన్న వరస మార్చకండి. లోయ రోజు ఒంటికి అలవాటు నేర్పుతుంది.

రెండోది రోడ్డు. పూలు బాగా పూసేది జులై, ఆగస్టుల్లో. వాన బాగా కురిసేదీ అప్పుడే. రిషికేశ్ నుంచి బదరీనాథ్ పోయే దారిలో కొండచరియలు విరిగిపడి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బండ్లు ఆగిపోతాయి. 2013 జూన్ వరదలు గోవింద్‌ఘాట్‌ను ఎంత దెబ్బతీశాయో, మన యాత్రికులు ఎంతమంది ఆ కొండల్లో చిక్కుకుపోయారో తెలుగు ఇళ్లలో ఇంకా గుర్తే. కాబట్టి ఈ ట్రెక్‌కు నడక కంటే సెలవుల లెక్క ముఖ్యం. రెండు రోజులు చేతిలో ఖాళీగా ఉంచుకోండి. విమానం తప్పిపోతుందని డ్రైవర్‌ను రాత్రిపూట ఘాట్ దిగమని ఒత్తిడి చేసే పరిస్థితి తెచ్చుకోకండి. ఈ దారిలో రాత్రి ప్రయాణం అన్నది ఏ కారణానికీ వద్దు.

హంప్టా పాస్ ఈ మూడింటిలో అందమైనది, నాకు ప్రాణం. హిమాచల్‌లో కులూ వైపు పచ్చటి లోయలో మొదలై, 4,270 మీటర్ల కనుమ దాటగానే లాహౌల్ వైపు ఒక్క చెట్టూ లేని రాతి ఎడారి కనిపిస్తుంది. మొదటి ట్రెక్‌గా మాత్రం దీన్ని సిఫార్సు చెయ్యను. కారణాలు చెబుతాను. మనాలీ 2,050 మీటర్లు. మొదటి రాత్రే 3,100 దగ్గర పడుకుంటాం. మర్నాడు 3,600. మూడో రోజు కనుమ దాటి 3,900 దగ్గర షియా గోరులో నిద్ర. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని కొండ వైద్యులు చెబుతారు. ఇక్కడ ఆ మూడు వేలు దాటించే మొదటి అంగే వెయ్యి మీటర్లు. ఇంకో సంగతి, ఇది దాటిపోయే ట్రెక్. కనుమ దాటాక వెనక్కి రావాలంటే మళ్లీ కనుమ ఎక్కాలి. ఒంట్లో బాగోలేనివాడిని ఎక్కించలేం. ముందుకు పోవాలంటే షియా గోరు నుంచి జీపు రోడ్డున్న ఛత్రూ దాకా దిగాలి, మధ్యలో మంచునీటి వాగు దాటాలి. మధ్యాహ్నానికి ఎండకు మంచు కరిగి ఆ వాగు పొంగుతుంది, అందుకే దాన్ని పొద్దున్నే దాటిస్తారు. రాత్రి రెండింటికి జబ్బు చేస్తే తెల్లారేదాకా ఆగడమే.

ఛత్రూ నుంచి చంద్రతాల్ సరస్సు చూసి వచ్చే కార్యక్రమం కూడా కలుపుతారు. 2023 జులైలో హిమాచల్‌ను వరదలు ముంచెత్తినప్పుడు ఆ చంద్రతాల్ దగ్గర దాదాపు 300 మంది పర్యాటకులు చిక్కుకుపోయి, మంచు తొలగించి దారి తెరిచేదాకా రోజుల తరబడి ఉండిపోయారు. హంప్టాకు వెళ్లాలనుంటే మనాలీలో రెండు రాత్రులు నిద్రచేసి, వానలు తగ్గాక సెప్టెంబర్ రెండో సగంలో వెళ్లండి. అదీ కేదార్‌కంఠ లాంటిది ఒకటి చేశాక.

దూరం, ఎత్తు, రోజులు మాత్రమే చూసి పోలిస్తే ఈ మూడూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. వెబ్‌సైట్లలో కేదార్‌కంఠకూ హంప్టాకూ అంత తేడా ఏమీ కనిపించదు. పడుకునే ఎత్తు, వెనక్కి వచ్చే దారి చూస్తే రెండూ వేరే తరగతివి. పాతికేళ్లవాళ్లు చలి తట్టుకోగలమనుకుంటే కేదార్‌కంఠ. పెద్దవాళ్లు, పిల్లలు కలిసి వెళ్తే పూలలోయ, హేమకుండ్ దగ్గర ఎవరికి వారు ఆగిపోయే స్వేచ్ఛతో. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వెళ్లకూడదని కాదు. డాక్టర్‌తో మాట్లాడి, మందుల మోతాదు అడిగి, పైకప్పు కింద పడుకునే పూలలోయనే ఎంచుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. చలికి గ్లూకోమీటర్ కూడా పని చెయ్యకపోవచ్చు. రెండూ ఒంటిని అంటిపెట్టుకుని లోపలి జేబులో ఉండాలి.

అసలు హిమాలయం ఇప్పుడే అవసరమా అనుకునేవాళ్లకు మన దగ్గరే కొండలున్నాయి. వంజంగి మేఘాలు, నల్లమల అడవి, నాగలాపురం జలపాతాలు. ఇక్కడ ఎత్తు జబ్బు లేదు, ప్రమాదాలు వేరు. నల్లమల లోయలోని శివక్షేత్రం సలేశ్వరం సంగతి చూడండి. చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే అనుమతిస్తారు, అంటే మండుటెండ. హిమాలయానికి తలకిందులు లెక్క ఇది: ముందు లోయలోకి దిగుతాం, దర్శనమయ్యాక అలిసిపోయిన కాళ్లతో, తరిగిపోయిన నీళ్లతో ఎక్కాలి. సగం నీళ్లు తిరుగు దారికి దాచుకోనివాళ్లు అక్కడే సొమ్మసిల్లుతారు. వేసవి అడవికి నిప్పు భయం కూడా ఉంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు 20 మందికి పైగా ట్రెక్కర్ల ప్రాణాలు తీసింది. ఎండుగడ్డి కొండలపై మంట ఎగువకే వేగంగా పాకుతుంది. అడవి ఎండిన నెలల్లో అటవీశాఖ దారులు మూసేస్తే దొంగదారి వెతక్కండి. వానాకాలంలో నాగలాపురం లాంటి చోట్ల ఎగువన ఎక్కడో కురిసిన వానకు మీరున్న మడుగు నిమిషాల్లో పొంగుతుంది. నీళ్లు ఎర్రబారినా, ఆకులు కొట్టుకొస్తున్నా గట్టెక్కాల్సిందే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే చేతికర్రలివ్వడం, మధ్యాహ్నం తర్వాత పిల్లలను ఆపడం మొదలుపెట్టారు. పిల్లలు పెద్దల మధ్యలో నడవాలి, ముందు పరిగెత్తకూడదు.

సాధన కూడా ఈ కొండల మీదే చెయ్యండి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఊపిరికి పనికొస్తుంది, మోకాళ్లకు చాలదు. బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి, లిఫ్టులో దిగొద్దు. ఆఖరి నెలలో ఆరు కిలోల సంచి భుజాన వేసుకుని. హైదరాబాద్ వాళ్లకు భువనగిరి కోట ఉంది. పూర్ణ మాలావత్, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు మొదట చేతులు కాళ్లు ఆనించి నేర్చుకున్న రాయి అదే. తిరుపతి దగ్గరివాళ్లు ఒక్కసారైనా శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కి, అలిపిరి మీదుగా నడిచి దిగండి. మర్నాడు పొద్దున్నే మంచం దిగి మళ్లీ ఒక గంట నడవగలిగితే మీరు సిద్ధం. నడవలేకపోతే ట్రెక్ ఒక నెల వెనక్కి జరపండి.

ఎవరితో వెళ్లాలన్నది తర్వాతి ఎంపిక. స్నేహితులం నలుగురం కలిసి, ఊళ్లో ఒక గైడ్‌ను మాట్లాడుకోవడం, ప్రైవేటు కంపెనీ బ్యాచ్‌లో చేరడం, యూత్ హాస్టల్స్ అసోసియేషన్ లాంటి సంస్థల పెద్ద బ్యాచ్‌లలో తక్కువ ఖర్చుతో వెళ్లడం, ఈ మూడూ మంచివే. పూలలోయకు సొంతంగా వెళ్లొచ్చు, దారి తప్పే అవకాశం లేదు. మంచు కొండకు, దాటే కనుమకు గైడ్ లేకుండా వెళ్లకండి. ఎంత ఆరితేరినా ఒంటరిగా వద్దే వద్దు. 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో ఆయన దేహం దొరికింది. అంతటి మనిషికే పక్కన ఒక తోడు అవసరమయ్యే వాతావరణం కొండ మీద ఉంటుంది.

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఛార్జీ అడిగే ముందు ఇవి అడగండి. ఎంతమందికి ఒక గైడ్? శిఖరం రోజు ముందొకరు, వెనకొకరు ఉంటారా? ఆక్సిజన్ సిలిండర్ ఏ క్యాంపులో ఉంటుంది, కిందా, పైనా? స్ట్రెచర్ ఉందా, మొయ్యడానికి మనుషులున్నారా? వెనక్కి తిప్పే అధికారం ఎవరిది? ప్రతి క్యాంపు నుంచి రోడ్డుకు ఎన్ని గంటలు? ఆఖరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లనే నమ్మండి. ఒకసారి నేను వెళ్లిన బ్యాచ్‌లో శిఖరం రాత్రి 24 మందికి ఒక్కడే గైడ్. ముందువాళ్లు నలభై నిమిషాల దూరం పోయారు. వెనకబడిన ఇద్దరు చీకట్లో దారి చీలిన చోట నిలబడిపోయారు. వాళ్లకు ఏమీ కాలేదు, గాలి లేని రాత్రి కాబట్టి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో ఎక్కువమంది బెంగళూరు వాళ్లున్న 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. అది జూన్ నెల. వేసవిలో మంచుతుపాను ఏమిటని అనుకునేవాళ్లకే ఈ మాట చెబుతున్నాను. నాలుగు వేల మీటర్ల పైన ఏ నెలలోనైనా శీతాకాలం రావచ్చు.

సామాన్ల దగ్గర అందరూ జాకెట్‌తో మొదలుపెడతారు, నేను బూట్లతో మొదలుపెడతాను. స్పోర్ట్స్ షూనా, ట్రెక్కింగ్ షూనా? వంజంగికి, పూలలోయ రాతి బాటకు మంచి పట్టున్న స్పోర్ట్స్ షూ చాలు. మంచుకు, హంప్టా బండరాళ్లకు చీలమండ కప్పే ట్రెక్కింగ్ షూ కావాలి. సాయంత్రం పూట, మందపాటి సాక్సు తొడుక్కుని కొనండి. వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. బయలుదేరే ముందు రోజు గోళ్లు కత్తిరించుకోండి. కొన్న బూట్లతో కనీసం మూడు వారాలు నడవండి. అన్నయ్యవో, స్నేహితుడివో అల్మారాలో ఐదారేళ్లుగా పడున్న బూట్లు అడిగి తెచ్చుకోవద్దు. చూడ్డానికి కొత్తవిలాగే ఉంటాయి, కాని అడుగులోని మెత్తటి మధ్యపొర (పాలీయురేథేన్ నురుగు) తేమకు చివికి ఉంటుంది. ముఖ్యంగా మన కోస్తా గాలికి. కొండ మీద రెండో రోజు అడుగు ఊడి చేతికి వస్తుంది.

పోంచోనా, రెయిన్ జాకెట్టా? పూలలోయకు పోంచో. చవక, సంచిని కూడా కప్పేస్తుంది, లోపల గాలి ఆడుతుంది. హంప్టాకు జాకెట్, ప్యాంటు రెండూ. కనుమ మీద గాలికి పోంచో ఎగిరి మొహం కప్పేస్తుంది, కాలు ఎక్కడ వేస్తున్నామో కనపడదు. ఏది తీసుకున్నా సంచి లోపల ఒక పెద్ద పాలిథిన్ కవరు వేసి, బట్టలన్నీ అందులో సర్దండి. బయటి రెయిన్ కవర్‌ను మాత్రమే నమ్ముకుంటే వీపు వైపు నుంచి నీరు దిగుతుంది.

నూలు బనియన్, జీన్స్ ఇంట్లోనే వదిలెయ్యండి. మన ఎండలకు నూలు ఎంత హాయో, కొండ చలికి అంత చేటు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒక జత లోపలి బట్టలు, ఒక జత ఉన్ని సాక్సులు విడిగా కట్టి, రాత్రి పడుకునేటప్పుడు తప్ప ముట్టుకోకండి. ఎంత తడిసి వచ్చినా, పొడి బట్టలు మార్చుకుని స్లీపింగ్ బ్యాగ్‌లో దూరితే గంటలో ఒళ్లు వెచ్చబడుతుంది. వణికే మనిషి వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే అతను కోలుకున్నాడనుకోకండి, ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతోంది. తడిబట్టలు తీసేసి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి, మింగగలిగితే తీపి టీ తాగించండి. మద్యం వద్దు.

నీళ్లకు గొట్టం ఉన్న సంచి బాగుంటుంది కాని మంచు కాలంలో ఆ గొట్టం ముందు గడ్డకడుతుంది. కేదార్‌కంఠకు రెండు సీసాలు తీసుకోండి, ఒకటి ఫ్లాస్కు. రాత్రి సీసాను తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి పొద్దున మూత సులువుగా వస్తుంది. ఫోను, పవర్ బ్యాంకు, టార్చి బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లో మీతో పాటే పడుకోవాలి. నెలసరి లెక్క దగ్గరలో లేకపోయినా ప్యాడ్లు తీసుకెళ్లండి, ఎత్తుకు, అలసటకు తేదీలు తప్పుతాయి. వాడినవి మూటకట్టి కిందికి తెచ్చెయ్యాలి.

డయామాక్స్ వేసుకోవాలా వద్దా అన్నది అందరూ అడిగేదే. ఎత్తు జబ్బు రాకుండా పెద్దవాళ్లకు మామూలుగా చెప్పేది 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. డాక్టర్‌ను అడిగి తీరాలి. వేళ్లు చిమచిమలాడటం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే. నా అభిప్రాయం: కేదార్‌కంఠకు, పూలలోయకు నెమ్మదిగా ఎక్కగలిగితే చాలామందికి అవసరం రాదు. హంప్టాకు డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టడం తెలివైన పని. ఇది వేసుకున్నాం కాబట్టి లక్షణాలు వచ్చినా ఎక్కొచ్చు అనుకోవడం మాత్రం తప్పు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ అంకె చూసి కూడా మోసపోవద్దు. చల్లబడ్డ వేలికి అది తప్పు చూపిస్తుంది. 90 ఉన్నా తలనొప్పితో వాంతులవుతుంటే ఆగాలి. తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా, అర్ధరాత్రైనా తోడు పెట్టి దించాలి.

ఫోన్ల మాట. ఈ మూడు దారుల్లోనూ ఎక్కువ చోట్ల సిగ్నల్ ఉండదు. అమెరికాలో ట్రెక్కులు చేసే మన పిల్లలు గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలకు అలవాటు పడి ఉంటారు. సెలవులకు వచ్చి హిమాలయానికి అదే తీసుకెళ్దామనుకుంటారు. అనుమతి లేకుండా వాటిని భారతదేశంలో వాడటం, వెంట ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. అక్కడే వదిలేసి రండి. ఇక్కడ మీ పిలుపు ఒక ఈల. నిమిషానికి ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. ఆపదలో ఉన్నామని కొండల భాషలో దానర్థం. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుంది, హెలికాప్టర్ ఖర్చు ఇస్తుందా అన్న రెండు వాక్యాలు పాలసీలో వెతకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ట్రెక్కింగ్ వర్తించదు.

మా చెల్లి చివరికి ఫిబ్రవరి కేదార్‌కంఠ ఎంచుకుంది. తనతో ఒక తెల్లకాగితం రాయించి పిన్ని వాళ్ల ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టించాను. ఏ రోజు ఏ క్యాంపు, ఒక్కో క్యాంపు నుంచి సాంక్రీకి ఎన్ని గంటలు, గైడ్ నంబరు, కంపెనీ డెహ్రాడూన్ నంబరు, తన బ్లడ్ గ్రూపు, పడని మందులు, చివరిగా ఫోన్ చెయ్యాల్సిన రోజు, సమయం. దాని కింద పెద్ద అక్షరాలతో: "నాలుగో రోజు రాత్రి 9 దాకా నా ఫోన్ రాకపోతే ముందు గైడ్‌కు చెయ్యండి. అతను కూడా దొరక్కపోతే కంపెనీకి చెయ్యండి. మర్నాడు పొద్దున 9 దాకా చూసి, ఉత్తరకాశీ జిల్లా విపత్తు కేంద్రానికి చెప్పండి." ఆ కేంద్రం నంబరు కూడా ముందే కనుక్కుని రాసింది. హైదరాబాద్ నుంచి 112 కొడితే మన రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కు పోతుంది కాబట్టి. పిన్ని ఆ కాగితం చదివి, కళ్లజోడు సర్దుకుని, ఆఖరి నంబరు ఇంకాస్త పెద్దగా రాయమంది.